ముహూర్తం కంటే ముందు గోడని చదవండి: ఆలయ జీర్ణోద్ధరణ కమిటీలకు, ఇంజినీర్లకు బహిరంగ లేఖ

ఆలయ కమిటీల పెద్దలకు, అంచనాలు తయారుచేసే ఇంజినీర్లకు, పని పట్టే కాంట్రాక్టర్లకు నమస్కారం.

పాత గుడికి మరమ్మతు అనగానే మన దగ్గర పనులు ఒక వరసలో నడుస్తాయి. దాత దొరుకుతాడు. కుంభాభిషేకానికి ముహూర్తం పెడతారు. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ అంచనా రాస్తారు: ఇన్ని సిమెంటు బస్తాలు, ఇన్ని ఎనామిల్ డబ్బాలు, ఇన్ని గ్రానైట్ పలకలు, శాండ్ బ్లాస్టింగుకి చదరపు మీటరుకి ఇంత. ఈ గుడి ఎప్పుడు కట్టారు, దేనితో కట్టారు, ఇప్పటిదాకా ఎందుకు నిలబడింది అన్న ప్రశ్న ఆ కాగితాల్లో ఎక్కడా కనబడదు. కళాచరిత్ర చదివిన మాలాంటివాళ్లకి పిలుపు వస్తే గిస్తే పనంతా అయ్యాక, శిలాఫలకం మీద నాలుగు మాటలు రాసిపెట్టమని వస్తుంది.

మా విన్నపం చిన్నది. మమ్మల్ని చివర పిలిచేకంటే అంచనా రాయకముందు పిలవండి. బరువు, నీరు, సున్నం, రాయి, ఈ నాలుగింటి లెక్కా ఆ గోడల్లోనే ఉంది. దాన్ని చదవడం మా వృత్తి. చదివి చేస్తే సామాను తక్కువ పడుతుంది, చేసిన పని ఎక్కువ కాలం ఉంటుంది. సుస్థిరత అని సభల్లో వినబడే మాటకి పని జరిగే చోట మాకు తెలిసిన అర్థం అదే.

బరువుతో మొదలుపెడదాం. ములుగు జిల్లా పాలంపేటలో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శాసనం 1213 నాటిది. 2021లో ఆ గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. విమానం, అంటే గర్భాలయం మీది శిఖరం, దాని ఇటుకలు నీళ్లలో తేలతాయన్నది అక్కడ గైడు చెప్పే మొదటి వింత. వింతగా విని వచ్చేస్తే దాంతో మనకు ఒరిగేది లేదు. గుడి కట్టిన స్థపతి అంత తేలికైన ఇటుక ఎందుకు చేయించాడని అడగాలి. రాయిని స్తంభంగా నిలబెడితే ఎంత బరువైనా మోస్తుంది. అదే రాయిని దూలంగా పడుకోబెడితే అడుగు భాగం సాగలేక నెర్రె విచ్చుతుంది. ఇనుములా ముందు వంగి హెచ్చరించదు, విరిగిపోతుంది. ఆ సంగతి తెలిసే శిఖరం బరువు తగ్గించారు. ఇప్పుడు మనం చేసేదేమిటి? మండపం కారుతోందని పైకప్పు మీద 4 అంగుళాల కాంక్రీటు పోస్తాం. వెయ్యి చదరపు అడుగుల మండపం మీద అది 22 టన్నులకు పైమాటే. కిందున్న దూలాలు ఆ బరువు కోసం చెక్కినవి కావు.

పైగా కారడానికి కారణం చాలాసార్లు కప్పులో లోటు కాదు, కప్పు మీద పేరుకున్నది. ఒకప్పుడు సున్నం, ఇటుక ముక్కలు కలిపి దిమ్మిసతో బాది వేసిన పొర ఉంటుంది. దాని మీద ఒకరు మట్టి పరిచారు, తర్వాత వచ్చినవారు పెంకులు, ఆ తర్వాతవారు సిమెంటు. పొర మీద పొర పడేసరికి నీళ్లు పోయే తూములు పూడిపోతాయి, వాలు తిరగబడుతుంది. కాబట్టి ముందు ఒక మూల అడుగు వెడల్పు, అడుగు పొడవున పై నుంచి రాతిదాకా విప్పి చూడండి. ఎన్ని పొరలు, ఒక్కోటి ఎంత మందం, ఏ పొర ఏ కాలానిదో రాసుకోండి. పనికిరానివి తీసేసి, పాత సున్నపు పొరని బాగుచేసి, తూములు తెరిస్తే చాలా మండపాలకి అదే మందు. బరువు తగ్గుతుంది, సిమెంటు ఖర్చు మిగులుతుంది.

ఇక అడుగుభాగం. గుడి అధిష్ఠానం, అంటే గోడలు నిలబడే పీఠం, కింద నుంచి పైకి ఒక వరసలో ఉంటుంది: ఉపానం, దాని మీద జగతి, దాని మీద కుముదం, ఆపైన కంఠం, పట్టిక. కుముదం గుండ్రంగా ఉండొచ్చు, పలకలుగా ఉండొచ్చు. రాజవంశాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారుతుంది, వరస మాత్రం మారదు. మా విద్యార్థులు మొదటి ఏడాది కంఠస్థం చేసే పాఠం ఇది. దీని అసలు ఉపయోగం పరీక్షలో లేదు. మీ గుడి దగ్గర నిలబడి చూడండి. నేలకి ఆనుకుని జగతి కనబడుతూ ఉపానం కనబడకపోతే ఒక వరస భూమిలో ఉన్నట్టు. ఏకంగా కుముదమే నేలని తాకుతుంటే రెండు వరసలు పోయినట్టు. మరమ్మతు జరిగిన ప్రతిసారీ పాత పరుపు తీయకుండా దాని మీదే కొత్త పలకలు పరిచినందువల్ల వచ్చిన ఫలితం అది. వాననీరు, అభిషేకం నీరు గోడకి ఆనుకుని నిలుస్తాయి. రాయి, సున్నం ఆ తేమని పీల్చుకుంటాయి. తేమతో పాటు ఉప్పు ఎక్కుతుంది. గోడ ఎండే చోట ఉప్పు గడ్డకట్టి రాతి పొరని లోపలి నుంచి నెట్టేస్తుంది. గర్భాలయం గోడకి నడుం ఎత్తున తెల్లటి చారలు, పొలుసులు కనబడితే గోడలో జబ్బు వెతక్కండి, జబ్బు నేలలో ఉంది.

సరిచేయడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక మూల 2 అడుగుల చదరంలో చేత్తో గొయ్యి తవ్వి ఉపానం అడుగు ఎక్కడుందో కొలవండి. జేసీబీ వద్దు, పూడిన జగతి మీద శాసనం ఉండే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత చుట్టూ నేలని ఉపానం అడుగు కంటే కాస్త కిందికి దించి, గుడి నుంచి బయటికి 60 అడుగులకు 1 అడుగు వాలు ఇవ్వండి. పలకల సందుల్లో సిమెంటు నింపకండి. సందులు మూస్తే నేలలోని తేమకి బయటికి దారి లేక గోడే దారి అవుతుంది. సందుల్లో ఇసుక, సున్నం చాలు. అభిషేక జలం బయటికి వచ్చే ప్రణాళం కింద నీరు ఎటు పోతోందో మర్చిపోకుండా చూడండి. కాకతీయుల గుళ్లలో ఇసుక పెట్టె పునాదులు (గొయ్యిలో ఇసుక నింపి దాని మీద కట్టినవి) ఉన్న చోట ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. కారే పైపు ఒక్కటి చాలు, కింద ఇసుక కొద్దికొద్దిగా కొట్టుకుపోయి పైన దూలం జరగడానికి. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయిగా విప్పి, పునాది నుంచి మళ్లీ పేర్చి 2024లో తెరిచారు. దశాబ్దం దాటి పట్టింది ఆ పని. నేలా నీరూ ముందే చూసుకోవడం ఎంత చవకో దాన్ని బట్టి ఊహించండి.

సున్నం గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే తగువంతా అక్కడే.

మాకు ఎదురయ్యే మొదటి మాట: "సిమెంటు గట్టిది కదండీ." గట్టిదే, చిక్కంతా అదే. సందులో ఉన్న సామాను చుట్టూ ఉన్న ఇటుక కంటే, రాయి కంటే మెత్తగా ఉండాలి, తేమని వదలగలగాలి. ఎండకి, వానకి గోడ కొద్దిగా కదులుతుంది. సందు మెత్తనిదైతే ఆ కదలిక సందులో సర్దుకుంటుంది, పగిలినా సందే పగులుతుంది, మళ్లీ పూడ్చుకోవచ్చు. సందు గట్టిదైతే పగిలేది ఇటుక. తేమ కూడా సందు లోంచి రాలేక ఇటుక లోంచి వస్తుంది, ఇటుక పొడైపోతుంది, సిమెంటు గీతలు మాత్రం వలలా మిగులుతాయి. ఇటుక గోపురాల మీద ఈ దృశ్యం చాలా చోట్ల కనబడుతుంది.

వాతావరణం లెక్క కూడా ఉంది. ప్రపంచంలో మనుషుల పనుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడులో దాదాపు 7 నుంచి 8 శాతం సిమెంటుదే. దాని బట్టీ 1,450 డిగ్రీల దాకా వేడెక్కాలి, సున్నపు బట్టీకి 900 డిగ్రీలు చాలు. సున్నం పవిత్రమని మేము అనం. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం వస్తుంది, 44 కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. తేడా ఏమిటంటే గోడలో సున్నం గట్టిపడటమంటేనే గాలి నుంచి ఆ వాయువుని తిరిగి తీసుకుని మళ్లీ రాయిగా మారడం. ఏళ్ల తరబడి నెమ్మదిగా అందులో చాలా భాగం వెనక్కి వస్తుంది. బట్టీలో కాల్చిన కట్టెల పొగ, బొగ్గు పొగ మాత్రం రాదు. ఆ నిజాన్ని దాచి సున్నాన్ని అమ్మకూడదు. దాని అసలు బలం మరమ్మతులో ఉంది: ఊడిన చోట ఊడినంతే పెట్టుకోవచ్చు, రాతిని పాడుచేయకుండా తీసేయవచ్చు.

మీ గుడిలో పాతవాళ్లు వాడిన పాళ్లు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వాన తగలని చోట, లోపలి సందు నుంచి 100 గ్రాముల ముక్క తీయండి. ఆరబెట్టి, ఇసుక రేణువులు నలగకుండా మెల్లగా చిదపండి. 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా పోస్తూ నురుగు ఆగేదాకా ఉంచండి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. వడగట్టి, కడిగి, ఆరబెట్టి మిగిలింది తూచండి. 70 గ్రాములు మిగిలితే కరిగింది 30. దాన్ని పొడి సున్నం లెక్కకి మార్చడానికి 0.74తో గుణిస్తే 22 గ్రాములు, అంటే బరువు లెక్కన ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల పైచిలుకు ఇసుక. మిగిలిన ఇసుకని జల్లెడ పడితే ఏ సైజు రేణువు ఎంతుందో తెలుస్తుంది, ఎర్రటి దుమ్ము కనబడితే సుర్కీ, అంటే ఇటుక పొడి, కలిపినట్టు. ఈ పరీక్ష మోసం చేసే సందర్భం ఒకటుంది. కోస్తాలో ఇసుకతో పాటు గవ్వల పొడి, కడప, కర్నూలు వైపు నాపరాయి పొడి ఉండొచ్చు. ఆమ్లానికి అవీ కరిగిపోతాయి, సున్నం లేని చోట ఉన్నట్టు లెక్క వస్తుంది. అందుకే పరీక్షకి ముందు భూతద్దంతో ముక్కని చూడాలి. ఆ గుడికి ఏ కాలంలో, ఏ ప్రాంతపు పనివాళ్లు వచ్చారో తెలిసిన మనిషి పక్కన ఉండటం అప్పుడు అక్కరకొస్తుంది.

కలపడంలో తొందర పనికిరాదు. గుంటలో ముందు నీళ్లు, తర్వాత బట్టీలో కాల్చిన సున్నపురాళ్లు. రాళ్ల మీద నీళ్లు చిలకరిస్తే కొన్ని సగమే విరుగుతాయి. అలాంటి గింజలు పూత వేసిన నెలలకి నీరు పీల్చుకుని ఉబ్బి పొక్కులు లేపుతాయి. విరిగిన సున్నాన్ని 3 మిల్లీమీటర్ల జల్లెడలో వడగట్టి, పైన నీరు నిలిచేలా కనీసం 3 వారాలు నాననివ్వాలి, నెలలు నానితే ఇంకా మంచిది. ఒక పాలు సున్నం, మూడు పాళ్ల గరుకు ఇసుక మామూలు కొలత. నీటి తాకిడి ఉన్న చోట ఇసుకలో ఒక పాలు తీసేసి సుర్కీ వేయవచ్చు. పాతవాళ్లు గానుగలో ఎందుకు తిప్పేవారంటే, సున్నం ప్రతి ఇసుక రేణువుకీ పట్టాలి, అప్పుడు నీళ్లు తక్కువ పోసినా సాగుతుంది. నీళ్లు ఎక్కువైతే ఆరేటప్పుడు బీటలిస్తుంది. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు వాడిన మాట నిజమే గానీ పేరు విన్నారు కదా అని చేతికొచ్చినంత పోయకండి. బెల్లం మోతాదు మించితే పూత రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది, బూజు పడుతుంది, చీమలు చేరతాయి. పూత ఒక్కసారికి 10 మిల్లీమీటర్లు మించకూడదు, రెండో పూతకి వారం పది రోజులు ఆగాలి. తడి గోనెసంచులు కప్పి రెండు వారాలు ఆరనివ్వకుండా చూసుకోవాలి. మే నెల ఎండలో వేస్తే పైపైన ఆరి చేతికి పొడి అంటుతుంది. మార్చి 31కి బిల్లు కావాలన్నా, ముహూర్తం మూడు వారాల్లో ఉన్నా సున్నానికి ఆ సంగతి తెలియదు. దాని పని నవంబరులో మొదలవ్వాలి. తిరుమలలో బాలాలయ మహాసంప్రోక్షణ 12 ఏళ్లకోసారి జరుగుతుంది. చాలా గుళ్లలో కుంభాభిషేకానికీ అదే లెక్క. పన్నెండేళ్ల ముందే తెలిసిన తేదీకి సున్నం నానబెట్టడానికి మూడు నెలలు దొరకలేదంటే నమ్మడం కష్టం.

రాయి కడగడం, రంగులు వేయడం గురించి క్లుప్తంగా. శాండ్ బ్లాస్టింగ్ అంటే ఇసుకని ఒత్తిడితో కొట్టి రాతి చర్మం ఒలవడం. శాసనం అక్షరం లోతు చాలా చోట్ల కొన్ని మిల్లీమీటర్లే. ఒక్క పూటలో దాని అంచులు గుండ్రబడి చదవడానికి వీల్లేకుండా పోతుంది. పైగా ఒలిచిన రాయి గరుకుగా ఉంటుంది కాబట్టి దుమ్ము, పాచి ముందుకంటే త్వరగా పడతాయి. తీగ బ్రష్షు కూడా వద్దు, దాని ఇనుప రజను తుప్పు పట్టి రాతి మీద మరకలవుతుంది. నైలాన్ బ్రష్షు, నీళ్లు, పాచి ఉంటే 2 నుంచి 3 శాతం అమ్మోనియాతో నాన్ అయానిక్ డిటర్జెంటు, తర్వాత మంచినీళ్లతో బాగా కడగడం. నూనె జిడ్డుకి బంకమట్టి పట్టీ వేసి ఆరాక ఊడదీయాలి. ఒకసారికి పోదు, మూడుసార్లు వేయాల్సి రావచ్చు.

గోపురం మీద సున్నంతో చేసిన గారబొమ్మలకి ఎనామిల్ వేస్తే సున్నం ఊపిరి మూసినట్టే. లోపలి తేమ పైకి వచ్చి రంగుని పెచ్చులుగా నెడుతుంది, ఆ పెచ్చుతో పాటు బొమ్మ ముక్కు, వేళ్లు కూడా రాలతాయి. పాలలా పల్చటి సున్నం ఐదారు పూతలు, అందులో పసుపు మట్టి, ఎర్ర మట్టి, మసి లాంటి సున్నానికి తట్టుకునే రంగులు, ఇవి సరిపోతాయి. కొత్త పళ్లెంలా మెరవదు, నిజమే. దాతలకి ఆ మాట ముందే చెప్పండి.

ఏ గోడకైనా సున్నం కొట్టే ముందు, గీకే ముందు ఒక మూల అంగుళం మేర పొర పొరగా విప్పి చూడాలి. తంజావూరు బృహదీశ్వరాలయంలో నాయకరాజుల కాలపు చిత్రాల కింద చోళుల కాలపు చిత్రాలు ఉన్న సంగతి 1931లో బయటపడింది. అన్నేళ్లూ పై పొర కింది పొరని కాపాడింది. మన దగ్గర ఏ మండపం కప్పుకి ఎన్ని పొరల సున్నం ఉందో, దాని కింద ఏముందో ఎవరూ చూడని గుళ్లు ఇంకా ఉన్నాయి.

ఇక కోనేరు. పూడిక తీయించి అడుగున కాంక్రీటు వేయించడం ఇప్పుడు ఫ్యాషన్. దానికి ముందు అది ఏ రకం కోనేరో తేల్చండి. నీరు తోడేశాక ఒక మెట్టు మీద గీత గీసి 24 గంటలు ఆగండి. వాన లేకుండానే మట్టం పెరిగితే అది ఊట కోనేరు. దాని అడుగు మూస్తే కోనేరు చచ్చినట్టే, ట్యాంకరు నీళ్లతో నింపాల్సి వస్తుంది. మట్టం పెరగకపోతే అది వాననీటి కోనేరు, దానికి పాత బంకమట్టి అడుగే ప్రాణం, యంత్రంతో లోతు తీసి ఆ పొర చీల్చితే నీరు నిలవదు. రెండు రకాల్లోనూ మెట్ల సందులు సిమెంటుతో బిగించకండి. వాన తర్వాత గోడ వెనక నీటి ఒత్తిడి పెరిగి మెట్లు ముందుకు ఉబ్బుతాయి.

చెరువు శాస్త్రం మనకి కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవాలయం ముందు 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు, రోజుకి వెయ్యి మంది చొప్పున రెండేళ్లు పనిచేశారని, రాళ్లు తోలడానికి వంద బళ్లు పెట్టారని అందులో ఉంది. అంతకంటే విలువైంది దాని తర్వాతి భాగం. మంచి చెరువుకి పన్నెండు అంగాలు, ఆరు దోషాలు లెక్కపెట్టారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు మధ్యలో తాబేలు వీపులా మెరక ఉండటం, ఆయకట్టు ఎక్కువై నీరు తక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం కూడా దోషమేనట. తెలుగువాళ్లు ఇప్పుడు ఆ వాక్యం చదివితే ముందు నవ్వొస్తుంది, కాసేపటికి ఆ నవ్వు ఆగిపోతుంది. పూడికతీత అంచనా పక్కన ఈ ఆరు దోషాలు పెట్టి ఒక్కో దానికీ అవునో కాదో రాస్తే, సగం ప్రశ్నలకి అక్కడే జవాబు దొరుకుతుంది.

తప్పు మా వైపు కూడా ఉంది. మేము రాసేది ఎక్కువగా ఇంగ్లీషులో, తోటి పండితులకి. కుముదం ఎన్ని పలకలో రాస్తాం, దాని ముందు నీరు నిలుస్తోందని రాయం. సైటు ఇంజినీరుకి పనికొచ్చే భాషలో ఒక్క పేజీ ఇవ్వలేకపోతే మమ్మల్ని పిలవకపోవడంలో ఆయన తప్పేమీ లేదు. అందుకే మేము ఒప్పుకునేది ఇది: పిలిచిన గుడికి పదిహేను రోజుల్లో నాలుగు పేజీలు, తెలుగులో ఇస్తాం. ఏ భాగం ఏ కాలానిది, నేల ఎంత లేచింది, శాసనాలు ఎక్కడున్నాయి, సున్నం పాళ్లు ఎంత, ముట్టకూడని చోట్లు ఏవి. మీరు చేయాల్సింది: ఆ నాలుగు పేజీలు అంచనాకి జతచేయడం, సున్నం పనికి టెండరులో విడిగా ఐటెం, విడిగా గడువు పెట్టడం, ముందుగా ఒక చదరపు మీటరు నమూనా వేయించి ఒక వాన చూశాక మిగతాది మొదలుపెట్టడం. విప్పాల్సిన రాళ్లకి అంకెలు చెక్కిన ముఖం మీద కాకుండా సందులోకి పోయే ముఖం మీద వేయించండి. విరిగిన రాతికి లోపల కడ్డీ తప్పనిసరైతే మామూలు ఇనుము వద్దు, తుప్పుపట్టి ఉబ్బి రాతినే చీలుస్తుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టండి. ప్రాకారం బయట అన్నదాన సత్రాలు, మరుగుదొడ్లు మీకు నచ్చినట్టు సిమెంటుతోనే కట్టుకోండి, దానికి మేము అడ్డం రాము.

ఈ ఏడాది అంచనాలు రాయబోయే గుళ్లకి, కాగితం ముందు పెట్టుకోకముందే ఒక గట్టి వాన రోజున గొడుగేసుకుని గుడి చుట్టూ ఒక్కసారి తిరగండి. నీరు ఎక్కడ పడుతోంది, ఎక్కడ నిలుస్తోంది, ఎటు పోతోంది, ఫోనులో ఫొటోలు తీసి పెట్టండి. మేము వచ్చినప్పుడు మొదట అడిగేది వాటినే.

ఇట్లు,
కళాచరిత్ర బోధించేవాళ్లం, పాత కట్టడాల సంరక్షణ పని చేసేవాళ్లం